పాదం కింద పటారం

పోయిన వానాకాలంలో ఓ సాయంత్రం. రవీంద్రభారతి దాటి లక్డీకాపూల్ వైపు వెళ్తున్నాం. కారు మా బావగారిది. మామూలు కారైతే చెప్పుకోవడానికేముంది? 1967 నాటి స్టాండర్డ్ హెరాల్డ్. రెండే తలుపులు. రోడ్డు మీద కనిపిస్తే పెద్దవాళ్లు ఆగి చూస్తారు, పిల్లలు సెల్‌ఫోన్లు తీస్తారు. స్టీరింగ్ ముందు మా మేనల్లుడు, పక్కన నేను, వెనక సీట్లో బావగారు.

అప్పటికి గంట నుంచీ వాన. నీళ్లలో అడుగేసి కారెక్కాడేమో, మావాడి చెప్పులు తడిసి ముద్దయ్యాయి. ఎదురుగా సిగ్నల్ పడింది. ముందున్న ఆటో ఆగింది. మావాడు బ్రేకు తొక్కాడు. తొక్కాడనే అనుకున్నాడు. పాదం సర్రున జారి పక్కనున్న యాక్సిలరేటర్ మీద పడింది. అరవై ఏళ్లకు దగ్గరపడ్డ బండి ఆరేళ్ల దూడలా ఒక్క గెంతు గెంతి ఆటో వెనక బంపర్‌ని ముద్దాడింది.

ఆటోలో ఓ తల్లి, ఒళ్లో పాపాయి. పాపాయి ముందుకు తూలింది. తల్లి చెయ్యి అడ్డం పెట్టింది. అంతే. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ ఆ తల్లి వెనక్కి తిరిగి చూసిన చూపుంది చూశారూ, అది నాకు ఇంకా గుర్తే. ఆటో డ్రైవర్ దిగి వచ్చి కారుని ఎగాదిగా చూశాడు.

"ఏంది తమ్మీ, బండేమో మస్తుగ మెరుస్తున్నది. బ్రేకు తొక్కుడు రాదా?"

తప్పు మావాడి కాలిదా, చెప్పుదా, వానదా? నన్నడిగితే నేరస్తురాలు ఇంకొకతె ఉంది. వారం క్రితం ఎంతో ముచ్చటపడి బిగించుకున్న అల్యూమినియం రేసింగ్ పెడల్.

మీరూ చూసే ఉంటారు. కార్ డెకార్ దుకాణాల్లో అద్దాల వెనక తళతళలాడుతూ ఉంటాయి. మూడు పెడల్స్ సెట్టు. మధ్యలో గుండ్రటి చిల్లులు. పాత రబ్బరు ఊడబీకి ఆ రేకు తొడిగి స్క్రూలు బిగిస్తే పది నిమిషాల్లో మన బండి రేసు కారైపోయినట్టే! ఎక్కడికీ పోనక్కర్లేదు, రేసు మన పాదం కిందికే వచ్చేస్తుంది.

నవ్వులాటకి అన్నాను గానీ ఆ పెడల్స్ పుట్టుక వెనక నిజంగానే ఒక విద్య ఉంది. దాన్ని హీల్ అండ్ టో అంటారు. మన మాటల్లో మడమా, వేళ్లూ.

మలుపు దగ్గర కారు వేగం తగ్గించాలి, గేరు దించాలి. కింది గేరులోకి వస్తే అదే వేగానికి ఇంజిన్ ఇంకా జోరుగా తిరగాలి. డ్రైవర్ ఊరికే క్లచ్ వదిలేస్తే ఇంజిన్‌ని చక్రాలే బలవంతంగా తిప్పాల్సి వస్తుంది. కారు కుదుపు తింటుంది. వెనక చక్రాలు లాగే బండి అయితే ఆ చక్రాలు ఒక్క క్షణం పట్టు తప్పుతాయి. మలుపులో ఆ ఒక్క క్షణం చాలు, బండి బొంగరం అవడానికి. అందుకని క్లచ్ వదిలేలోపు యాక్సిలరేటర్‌ని ఒక్కసారి తట్టి ఇంజిన్ జోరు పెంచాలి. కానీ కుడికాలు అప్పటికే బ్రేకు మీద ఉందే! మూడు పెడల్స్, రెండు కాళ్లు. ఏం చెయ్యాలి? పాదం ముందుభాగం బ్రేకు మీదే ఉంచి, మడమతోనో పాదం అంచుతోనో యాక్సిలరేటర్‌ని తట్టాలి. కుడికాలు ఒక్కటే, పనులు రెండు. అష్టావధానంలో పావు వంతు అనుకోండి.

ఇక్కడే చిక్కొచ్చింది. పాత కార్లలో బ్రేకుకీ యాక్సిలరేటర్‌కీ మధ్య ఎడం ఉంటుంది. పైగా బ్రేకు పెడల్ కాస్త ఎత్తుగా, యాక్సిలరేటర్ పల్లంగా ఉంటాయి. పాదం చేరదు. దాంతో యాక్సిలరేటర్‌కి వెడల్పాటి రేకు తగిలించడం మొదలైంది. ఆ రేకుల్లో పేరుమోసింది పాడీ హాప్‌కిర్క్ పెడల్. హాప్‌కిర్క్ అంటే 1964లో బుల్లి మినీ కూపర్ ఎస్ కారుతో మాంటే కార్లో ర్యాలీ గెలిచి, పెద్దపెద్ద కార్లవాళ్లని నోరు వెళ్లబెట్టేలా చేసిన ఐర్లండ్ డ్రైవర్. ఆ తర్వాత కార్ల విడిభాగాల వ్యాపారంలోకి దిగాడు. ఆయన 2022లో కన్నుమూశాడు గానీ ఆయన పేరున్న పెడల్‌ని పాత మినీల అభిమానులు ఇప్పటికీ కొని బిగించుకుంటున్నారు.

అసలు ఈ మూడు పెడల్స్ వరసే బ్రహ్మ రాసిన రాత కాదు. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీ కారులో ఎడమది గేర్లకి, మధ్యది వెనక్కి పోవడానికి, కుడిది బ్రేకుకి. యాక్సిలరేటర్ కాలి దగ్గర ఉండేదే కాదు, స్టీరింగ్ కింద చేతి మీట. 1920ల నాటి బెంట్లీ కార్లలోనైతే యాక్సిలరేటర్ మధ్యలో ఉండేది. ఈనాటి డ్రైవర్‌ని ఎక్కిస్తే బ్రేకనుకుని దాన్నే తొక్కుతాడు. ఇప్పుడు మనకి అలవాటైన వరసని 1916 నాటి కాడిలాక్ మొదట తెచ్చిందంటారు. ఏ వరస అయినా సూత్రం ఒకటే. కంటితో చూడకుండా కాలు దాని చోటు అది వెతుక్కోవాలి. చోటు మారినా, పట్టు మారినా కాలు మోసపోతుంది.

సరే, మన హెరాల్డ్ కథకొద్దాం. ఇంగ్లండులో ట్రయంఫ్ కంపెనీ చేసిన కారు ఇది. 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ మోటార్స్ వాళ్లు మన దేశంలో తయారు చేశారు. 948 సీసీ ఇంజిన్. బానెట్టు మొత్తం మొసలి నోరు తెరిచినట్టు ముందుకి తెరుచుకుంటుంది. 1962లో ఇంగ్లండులో కుర్రకారుని ఊపేసిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారుని ఈ హెరాల్డ్ చట్రాన్నే కాస్త కురచ చేసి దాని మీద కట్టారు. అంటే మన మధ్యతరగతి ఇళ్ల ముందు నిలబడ్డ ఈ సాధు జంతువు అసలైన స్పోర్ట్స్ కారుకి అక్కగారన్నమాట. మద్రాసు నుంచి నెల్లూరు వచ్చే దారిలో షోళవరం ఉంది. రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల రన్‌వే మీద అక్కడ ఏళ్ల తరబడి రేసులు జరిగాయి. ఫియట్లూ, హెరాల్డ్‌లూ పరిగెత్తిన చోటు అది.

ఈ సంగతులన్నీ మా మేనల్లుడికి కంఠతా. "మామయ్యా, ఇది స్పిట్‌ఫైర్ రక్తం" అంటాడు. రక్తం ఉన్నాక దానికి తగ్గ చెప్పులుండాలిగా! అదీ వాడి వాదన. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున, లక్డీకాపూల్‌కి కూతవేటు దూరంలో, ఫార్ములా ఈ కార్ల రేసు జరిగింది కదా. మావాడు దగ్గరుండి చూసొచ్చాడు. ఆ ఊపు వాడిలో ఇంకా తగ్గలేదు. తమాషా ఏమిటంటే ఆ కరెంటు కార్లలో క్లచ్ పెడలే ఉండదు. మార్చడానికి గేర్లుంటేగా! ఎడమకాలు బ్రేకుకి, కుడికాలు యాక్సిలరేటర్‌కి. మడమా వేళ్ల విద్యతో వాళ్లకి పనే లేదు. మన ఊరి నడిబొడ్డుకి వచ్చిన రేసు ఆ విద్యని ఎప్పుడో అటకెక్కించేసింది. మావాడేమో దాన్ని అటక మీంచి దించే పనిలో ఉన్నాడు.

ఆ రాత్రి ఇంటికెళ్లాక మా బావగారు మాట్లాడలేదు. టార్చిలైటు, స్క్రూడ్రైవర్ పట్టుకుని కారు దగ్గరికి వెళ్లారు. ఆ అల్యూమినియం రేకుల్ని ఊడదీశారు. బీరువాలోంచి ఓ పాత న్యూస్‌పేపర్ పొట్లం తెచ్చారు. విప్పితే బ్రేకు పెడల్ పాత రబ్బరు. వారం కిందట వాడు పారేస్తుంటే ఆయన దాచుకున్నారన్నమాట.

నేను చేతిలోకి తీసుకుని చూశాను. కుడివైపు మూల అరిగిపోయి నున్నగా ఉంది. ఎడమవైపు గాళ్లు ఇంకా కనిపిస్తున్నాయి. ముందు మా బావగారి నాన్నగారు, ఆ తర్వాత మా బావగారు, ఇద్దరూ అదే మూల తొక్కారు. ఒక ఇంటి నడక ఆ రబ్బరు మీద అచ్చుపడిపోయింది. నాకు గుండె చిక్కబట్టినట్టయింది. మేనల్లుడు తలొంచుకున్నాడు.

సినిమా అయితే ఇక్కడ శుభం కార్డు పడాలి. కొత్త తళుకు ఓడింది, పాత బంగారం గెలిచింది అనాలి. కానీ మర్నాడు పొద్దున మెకానిక్ వచ్చాడు. ముప్పయ్యేళ్లుగా పాత బండ్లు చూస్తున్నవాడు. ఆ రబ్బరుని వేలితో రుద్దాడు. రుద్ది, మొహమాటం లేకుండా చెప్పేశాడు.

"సార్, ఇది కూడా అంతే జారుతది. రేకు మీద జారిన కాలు దీని మీద జారదని మీకెవరు చెప్పిన్రు? గాళ్లు పోయిన టైరుతో బండి నడుపుతరా? ఇదీ గంతే."

బావగారి మొహం చూడాలి అప్పుడు! కొడుకు మోజుతో తప్పు చేశాడు. తండ్రి మమకారంతో అదే తప్పు చెయ్యబోయాడు.

మెకానిక్ అంతటితో ఆగలేదు. రేకు బిగించిన స్క్రూల్లో ఒకటి వారానికే వదులైందని చూపించాడు. తొక్కినప్పుడు రేకు కాస్త పక్కకి తిరుగుతోంది. ఇంకొన్నాళ్లు పోతే రేకు అంచు యాక్సిలరేటర్ మీదికొచ్చి ఇరుక్కునేదట. యాక్సిలరేటర్‌కి తొడిగిన రేకు మరీ వెడల్పు. చెప్పులేసుకున్న పాదం బ్రేకు తొక్కబోతే రెండింటి మీదా పడుతుంది. కంపెనీవాళ్లు ఆ రెండు పెడల్స్ మధ్య ఎడం, ఎత్తుపల్లాలు పెట్టింది తెలివితక్కువతనంతో కాదు, రోడ్డు మీద నడిపేవాడి కాలు పొరబడకుండా ఉండాలని. రేసు మైదానంలో వరమైనది సిగ్నల్ దగ్గర శాపం.

తర్వాత చక్రాలు విప్పాడు. హెరాల్డ్‌కి నాలుగూ డ్రమ్ బ్రేకులే. లోపల బ్రేకు లైనింగులు అరిగి ఉన్నాయి. అసలు రోగం అక్కడుంది! పెడల్ అనేది మీట మాత్రమే. ఉదాహరణకి అయిదింతల బలం ఇచ్చే మీట అనుకుంటే, మీరు ఇరవై కిలోల బరువు వేస్తే లోపల మాస్టర్ సిలిండర్ మీద వంద కిలోలు పడుతుంది. అక్కణ్ణుంచి ఆయిల్ ద్వారా చక్రాల దగ్గరికి చేరుతుంది. చివర పట్టుకోవాల్సిన లైనింగే లేకపోతే పైన అల్యూమినియం ఉంటేనేం, బంగారు రేకు ఉంటేనేం? పైన పటారం, లోన లొటారం అని మన పెద్దలు ఊరికే అన్నారా!

మూడు రోజుల పని పట్టింది. కొత్త లైనింగులు, కొత్త బ్రేకు ఆయిలు. రాణిగంజ్‌లో నాలుగు దుకాణాలు తిరిగితే, ఇంకో బండిదైనా కొలతకి సరిపోయే పెడల్ రబ్బరు దొరికింది. అన్నీ కలిపినా ఖర్చు మావాడి తళుకు సెట్టు ధర కంటే కాస్తే ఎక్కువ. మావాడు దగ్గరుండి ప్రతి స్క్రూ చూశాడు. మొదటిసారి వాడు కారు పైభాగం కాదు, లోపలి భాగం చూశాడని నాకనిపించింది.

మీలో పాత కారున్నవాళ్లకీ, పిల్లలు రేసింగ్ పెడల్స్ కావాలని పోరుతున్నవాళ్లకీ నాదొక మాట. వద్దని అనను. ముచ్చట ముచ్చటే. ముందు బ్రేకు సంగతి చూసుకోండి. తర్వాత పెడల్. ఉత్త లోహపు రేకు కాకుండా రబ్బరు గుబ్బలున్నవి తీసుకోండి. కట్టు బిగిస్తే చాలదు, నెలకోసారి స్క్రూలు కదిలించి చూడండి. యాక్సిలరేటర్ వెడల్పు చేసే ముందు మీరు రోజూ వేసుకునే చెప్పుతోనే, ఇంజిన్ ఆపి, బ్రేకు గట్టిగా తొక్కి చూడండి. పక్క పెడల్ కదిలిందా, ఆ రేకు మీకొద్దు.

ఇంకో సంగతి. యాభై ఏళ్లు దాటిన బండ్లకి 2021 నుంచీ వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తున్నారు. నంబరులో వీఏ అని ఉంటుంది. చట్రం, బాడీ, ఇంజిన్ పెద్ద మార్పులు లేకుండా పుట్టినప్పటి రూపంలోనే ఉండాలి. అలాంటి బండిని రోజూ ఆఫీసుకేసుకెళ్లడం కుదరదు, ర్యాలీలకీ ప్రదర్శనలకే. దానికి వెళ్లాలనుకునేవాళ్లు ఊడదీసిన ఏ పాత భాగాన్నీ పారెయ్యకండి. మా బావగారిలా పొట్లం కట్టి పెట్టుకోండి.

పోయిన ఆదివారం మళ్లీ అదే దారి, అదే సిగ్నల్. సన్నగా చినుకులు. మావాడు ఎక్కే ముందు చెప్పుల అడుగు గోనెపట్టా మీద రెండుసార్లు రుద్దాడు. ఎర్రలైటు పడ్డప్పుడు కారు ముందున్న ఆటోకి రెండు గజాల ఇవతల నిమ్మళంగా ఆగింది.

"మామయ్యా, షోళవరంలో కూడా గెలిచినవాళ్లు ముందు బ్రేకు నేర్చుకునే ఉంటారు కదూ?" అన్నాడు.

వెనక సీట్లోంచి బావగారు చాలా రోజుల తర్వాత నవ్వారు.