నలువది శాతపు గడప

ఏ తల్లినైనను తన బిడ్డను గూర్చి చెప్పుమని అడిగినచో, ఆమె మొదట చెప్పునది వాడు చేయగలిగిన పనులను గూర్చియే. "మావాడికి మాటలు రావు గాని, వాళ్ళ నాన్న సైకిలు చప్పుడు వీధి మలుపులోనే గుర్తుపడతాడు" అనును. "తిన్న పళ్ళెం తనే తీసి తొట్టి దగ్గర పెడతాడు" అనును. ఎదుగుదల మందగించిన బిడ్డను పెంచుచున్న తల్లికి ఇట్టి చిన్న విజయములే పెన్నిధి. అట్టి తల్లి ఒకనాడు ప్రభుత్వ సహాయమునకై దరఖాస్తు పెట్టుకొనవలసి వచ్చినపుడు ఆమెను అడుగు ప్రశ్న తలక్రిందులై యుండును. బిడ్డ ఏమి చేయలేడో చెప్పుమందురు. ఎంత మాత్రము చేయలేడో చెప్పుమందురు. ఆ చేయలేనితనమును నూటికి ఇన్ని పాళ్ళని లెక్కగట్టి కాగితముపై వ్రాయుదురు. ఆ లెక్క 40కి చేరినచో తలుపు తెరచుకొనును. చేరనిచో మూసికొనియే యుండును.

ఈ తలుపును గూర్చి, దానిని చేరు త్రోవను గూర్చి, ఆ త్రోవలో ఉపాధ్యాయుడు నిలువవలసిన చోటును గూర్చి కొంత విచారింతము.

మొదట చట్టమును చూతము. 1995 నాటి చట్టము ఏడు రకముల వైకల్యములను మాత్రమే గుర్తించినది. దాని స్థానమున వచ్చిన 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనికి వచ్చి ఆ సంఖ్యను 21కి పెంచినది. ఆటిజము, కండరముల క్షీణత, తలసేమియా, చదువునందు మాత్రమే బయటపడు ప్రత్యేక అభ్యసన వైకల్యము మున్నగునవి ఇందు చేరినవి. 40 శాతము, అంతకు మించిన వైకల్యమును చట్టము ప్రమాణముగా గైకొన్నది. అట్టి బిడ్డకు 6వ ఏటి నుండి 18వ ఏటి వరకు పొరుగు బడిలో గాని, తాను కోరిన ప్రత్యేక పాఠశాలలో గాని ఉచితముగా చదువుకొను హక్కు కలదని 31వ సెక్షను చెప్పుచున్నది. ఇది దయ కాదు, హక్కు. ఈ మాటను మరువరాదు. ఏలయన దరఖాస్తు పెట్టువారిలో పెక్కుమంది ఆఫీసు గడప త్రొక్కునపుడు యాచకులవలె తల వంచుకొనియే పోవుచున్నారు.

హక్కు దేశమంతటికి ఒక్కటే యైనను, చేతికి వచ్చు పైకము మాత్రము నివసించు రాష్ట్రమును బట్టి యున్నది. కేంద్ర ప్రభుత్వపు ఇందిరాగాంధీ జాతీయ వికలాంగ పింఛను 18 ఏండ్లు నిండి, 80 శాతము వైకల్యము గల పేదలకు ఉద్దేశింపబడినది. అందు కేంద్రమిచ్చునది నెలకు 300 రూపాయలు. పసివారికి అందు చోటు లేదు. వారికి ఆధారమగునది రాష్ట్రములిచ్చు పింఛనే. ఆంధ్రప్రదేశములో ఈ పింఛను 2024లో 3,000 నుండి 6,000 రూపాయలకు పెరిగినది. పూర్తిగా మంచము పట్టినవారికి, చక్రముల కుర్చీకి పరిమితమైనవారికి 15,000గా నిర్ణయించిరి. తెలంగాణలో 2023లో 3,016 నుండి 4,016 రూపాయలకు పెంచిరి.

ఈ మొత్తమును ఖజానాకు దండుగగా తలచువారు లేకపోలేదు. వారొక్క లెక్క వేసి చూడవలెను. బిడ్డను క్షణమైనను ఒంటరిగా విడువలేని తల్లి కూలికి పోజాలదు. నాటుల కాలమందు గాని, కోతల కాలమందు గాని ఆమె కూలి ఆ యింటికి రాదు. మాటలు నేర్పించుటకు, కాళ్ళకు వ్యాయామము చేయించుటకు పట్టణమునకు తీసికొనిపోవలెనన్నచో ఇద్దరికి బస్సు చార్జీలు, దారిలో తిండి, పోయిన దినము పనికి సెలవు. వైకల్యము ఒక్కని శరీరమునందున్నను దాని వెచ్చము ఇంటిల్లిపాదియు భరించుచున్నారు. అక్కయ్య చదువు ఏడవ తరగతితో ఆగిపోవుటకు తమ్ముని కాపలాయే కారణమైన ఇండ్లు మనము ఎరుగనివి కావు. పింఛను ఆ నష్టములో కొంత భాగమును పూడ్చుచున్నదే గాని లాభమును చేకూర్చుట లేదు.

ఇక త్రోవ. మొదట బిడ్డకు ఆధార్ ఉండవలెను. అందలి పేరు, పుట్టిన తేదీ బడి రిజిస్టరుతోను, రేషన్ కార్డుతోను సరిపోవలెను. ఒక్క అక్షరము తేడా వచ్చినను నెలలు గడచిపోవుట పల్లెలలో అందరెరిగిన సంగతియే. 5వ ఏట, 15వ ఏట వ్రేలిముద్రలను, కనుపాపల గుర్తులను క్రొత్తగా ఇయ్యవలెను. చేయి చాపలేని, చూపు నిలుపలేని బిడ్డలకు మినహాయింపు నమోదు పద్ధతి యున్నదని చాలమందికి తెలియదు. తరువాత మీసేవలో గాని, ఆంధ్రప్రదేశమైనచో సచివాలయములో గాని వైద్య పరీక్షకు స్లాటు తీసికొనవలెను. ఉమ్మడి రాష్ట్రము నాటినుండి జనుల నోట నిలచిన పేరు 'సదరం'. 2021 జూన్ నుండి దేశమంతటికి ఒకే పోర్టలు ద్వారా ధ్రువపత్రమును, గుర్తింపు కార్డును ఇయ్యవలెనని కేంద్రము నిర్ణయించినది. పేరేదైనను కొలుచువాడు ప్రభుత్వ ఆసుపత్రి వైద్యుడే.

ధ్రువపత్రము చేతికి రాగానే పింఛను దానంతట అదియే వచ్చునని భ్రమపడరాదు. దానికి వేరొక దరఖాస్తు. అప్పుడు కుటుంబపు ఆదాయము, భూమి మున్నగునవి పరిశీలింతురు. పింఛనొక్కటియే గాక ఆ ధ్రువపత్రముతో తెరచుకొను తలుపులు మరికొన్ని గలవు. ఆటిజము, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యము, బహుళ వైకల్యములు గలవారికి 1999 నాటి జాతీయ న్యాస చట్టము క్రింద 'నిరామయ' అను ఆరోగ్య బీమా కలదు. ఏడాదికి లక్ష రూపాయల వరకు చికిత్స వ్యయమును అది భరించును. రైలు ప్రయాణమున కొన్ని వైకల్యములు గల బిడ్డకును, తోడు పోవువారికిని రాయితీ కలదు. బడులలో సమగ్ర శిక్షా పథకము, మండలములలో భవిత కేంద్రములు, బడికి రాలేని బిడ్డకు ఇంటివద్దనే బోధన కలవు. పింఛను రాలేదని నిరాశపడి తక్కినవానిని కూడ విడిచిపెట్టినవారు పెక్కురు.

ఇప్పుడు అసలు చిక్కునకు వత్తము. కాలో చేయియో లోపించినచో కంటికి కనబడును. బుద్ధి వికాసమునందలి లోపము అట్లు కనబడదు. 2018లో వెలువడిన మార్గదర్శకములలో మేధో వైకల్యమునకు తేలికపాటిదైనచో 50, మధ్యమమైనచో 75, తీవ్రమైనచో 90, అతితీవ్రమైనచో 100 శాతమని నిర్ణయించిరి. సరిహద్దు స్థితికి 25 మాత్రమే. దీనిని తేల్చుటకు తెలివిని కొలుచు పరీక్ష యొకటి, నిత్యజీవన సామర్థ్యమును కొలుచు పరీక్ష యొకటి. ఈ రెండవ పరీక్షలో బిడ్డ తానుగా తినునా, బట్టలు తొడుగుకొనునా, దొడ్డికి పోవునా, వీధిలో ఒంటరిగా తిరుగగలడా అని అడుగుదురు. ఈ ప్రశ్నలకు బదులు చెప్పునది బిడ్డ కాదు, వెంట వచ్చిన తల్లి లేక తండ్రి. అనగా శాతము చాలవరకు తల్లి నోటినుండి వెలువడు మాటలపై ఆధారపడి యున్నది.

ఒక శిబిరమున నేను కన్నులార చూచిన దానిని ఇచట చెప్పెదను. తొమ్మిదేండ్ల బాలుడు. తల్లి తెల్లవారుజామున లేచి, వానికి తల దువ్వి, ఉతికిన చొక్కా తొడిగి, రెండు బస్సులు మారి వచ్చినది. పరీక్షించు ఆమె అడిగినది: "అన్నం తింటాడామ్మా?"

"తింటాడండీ."

"బట్టలు వేసుకుంటాడా?"

"ఆఁ, వేసుకుంటాడండీ."

ఆమె అబద్ధమాడలేదు. తాను కలిపి నోట పెట్టినచో వాడు తినును. తాను చేతులెత్తి తొడిగినచో వేసికొనును. ఇంట ఆ పనులన్నియు తన చేతులే చేయుచుండుటచే, తన చేతులకు, బిడ్డ చేతులకు భేదము ఆమెకు తోచుట మానివేసినది. పదిమంది యెదుట బిడ్డను తక్కువచేసి చెప్పుటకు మనసొప్పకపోవుట మరియొక కారణము. వెనుక వరుస పెద్దది. అడుగు ఆమెకు తీరిక లేదు. "నీవు కలిపి పెట్టకపోతే ఏం చేస్తాడు?" అని అడిగియుండినచో నిజము బయటపడెడిది. ఆ ప్రశ్న ఎవరును అడుగలేదు.

ఈ చోటనే ఉపాధ్యాయుని సాక్ష్యము విలువైనది. తల్లి ప్రేమతో చూచును. వైద్యుడు పది నిమిషములు చూచును. ఏడాదిలో రెండువందల దినములు ఇతర పిల్లల నడుమ ఆ బిడ్డను చూచువాడు బడిపంతులొక్కడే. కాని మనము వ్రాసి యిచ్చు కాగితములెట్లుండును? "ఇతడు మంచి బాలుడు, చదువులో కొంచెము వెనుకబడినాడు" అని వ్రాసి సంతకము చేయుదుము. దీనివలన ఎవరికిని ప్రయోజనము లేదు. "మూడవ తరగతిలో నున్నాడు. తన పేరు వ్రాయలేడు. దొడ్డికి పోవలెనని చెప్పలేక వారమునకు రెండు మూడు మారులు బట్టలు పాడుచేసికొనును. గంట మ్రోగినచో చెవులు మూసికొని బల్ల క్రింద దూరును. మధ్యాహ్న భోజనము మరియొకరు తినిపింపవలెను. గేటు తీసియున్నచో రోడ్డుమీదికి పరుగెత్తును" అని వ్రాసినచో అది సాక్ష్యమగును. విశేషణములు వలదు, చూచినది, ఎన్ని మారులు చూచినది వ్రాసిన చాలును.

తల్లికి కూడ ఒక నోటుపుస్తకమిచ్చి, పరీక్షకు ముందు ఏడు దినముల సంగతి వ్రాయుమని చెప్పవలెను. ఆమెకు వ్రాత రానిచో పెద్ద కుమార్తె వ్రాయును. రాత్రి ఎన్ని మారులు లేచినాడు, ఒక్క పూట అన్నము తినిపించుటకు ఎంతసేపు పట్టినది, ఏ పనికి ఎవరి సాయము కావలసినది. ఇందు అతిశయోక్తి కూడదు. అబద్ధమాడుమని మనము చెప్పుట లేదు. ప్రేమచేతను, సిగ్గుచేతను మరుగుపడిన నిజమును వెలికి తీయుమనుచున్నాము.

ఇది ఉపాధ్యాయుల దయాదాక్షిణ్యములకు విడిచిన పని కూడ కాదు. అభ్యసన వైకల్యము విషయమున, మూడవ తరగతిలో లేక ఎనిమిదవ ఏట బడి ఉపాధ్యాయులే పిల్లలను పరిశీలించి గుర్తింపవలెననియు, ప్రతి పాఠశాలలో ప్రధానోపాధ్యాయుని అధ్యక్షతన ఒక సంఘముండవలెననియు ఆ 2018 నాటి మార్గదర్శకములే విధించినవి. "ఎంత కొట్టినా చదవడు" అని మనము విసిగికొను బాలునికి అక్షరములు తారుమారుగా కనబడుచుండవచ్చును. 2011 జనాభా లెక్కల ప్రకారము 5 నుండి 19 ఏండ్ల లోపు వికలాంగులలో ఏదో యొక విద్యాసంస్థకు పోవుచున్నవారు సుమారు 61 శాతము. తక్కినవారు ఏ ఇంటి వెనుక గదిలో నున్నారో గ్రామములోని బడిపంతులు ఎరుగకున్నచో మరి యెవరెరుగుదురు?

దొంగ ధ్రువపత్రముల మాట యేమని కొందరడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. ఏ లోపము లేనివాడు వైకల్యము నటించి పింఛను తీసికొనుట నిజముగా కదలలేని బిడ్డ కంచములోని కూడు తీసికొనుటయే. 2025లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము వికలాంగ పింఛన్లను తిరిగి పరిశీలించుటకు పూనుకొన్నది. అనర్హులని తేల్చినవారికి నోటీసులు వచ్చినవి, అప్పీలు చేసికొను వీలును కల్పించిరి. ఏరివేత అవసరమే. కాని ఏరునపుడు గింజ పొట్టుతో పోరాదు. పుట్టుకతో వచ్చి జీవితాంతము వదలని వైకల్యమును మరల మరల ఋజువు చేయుమని బిడ్డను ఎత్తుకొని తిప్పుట శిక్షయే యగును. చిన్న పిల్లలకు తాత్కాలిక ధ్రువపత్రమిచ్చుటలో అర్థమున్నది. పిల్లలు ఎదుగుదురు, మారుదురు. అయితే గడువు ముగియు తేదీని ముందుగా ఇంటికి తెలియజేయు ఏర్పాటుండవలెను. ధ్రువపత్రమిచ్చుటకు నియమములలో మొదట నెల రోజుల గడువుండెడిది. 2024 అక్టోబరు సవరణతో అది మూడు నెలలైనది. ఆఫీసుకు మూడు నెలలు స్వల్పకాలమే. మాటలు నేర్వవలసిన ఐదేండ్ల బిడ్డకు అది తిరిగిరాని కాలము.

శాతము తక్కువ వచ్చినచో అంతటితో కథ ముగియలేదని కూడ తెలియవలెను. తిరస్కరించినచో కారణమును వ్రాతమూలముగా అడుగవచ్చును. చట్టములోని 59వ సెక్షను అప్పీలు హక్కునిచ్చుచున్నది. పైన చెప్పిన తల్లికి కూడ ఈ మాటయే చెప్పితిమి. ఈ మారు ఆమె నోటుపుస్తకముతో, బడి ఇచ్చిన కాగితముతో పోవ నిశ్చయించినది.

విద్యార్థులకొక మాట. మీలో పెద్ద తరగతుల వారికి సెల్ ఫోనులో స్లాటు చూచుట, దరఖాస్తు నింపుట కష్టము కాదు. మీ వీధిలో అట్టి ఇల్లున్నచో ఒక ఆదివారము పోయి ఆధార్‌లోని పేరు, రేషన్ కార్డులోని పేరు సరిపోవుచున్నవో లేదో చూచి రండు. ఆ చిన్న పనివలన ఒక తల్లికి నాలుగు మారుల ప్రయాణము తప్పును.

40 అను అంకె బిడ్డ వెలను చెప్పుట లేదు. సమాజము వానికి ఏ మేరకు తోడు నిలువవలెనో చెప్పుటకు మనము గీసికొన్న గీత యది. తల్లి దరఖాస్తులో బిడ్డ చేయలేని పనులను వ్రాయును; ఇంటికి వచ్చి సైకిలు చప్పుడునకు నవ్విన వాని ముఖమును చూచుకొనును. ఈ రెండును నిజములే. మొదటి నిజమును ఆఫీసు ముందు నిస్సంకోచముగా చెప్పుటకు ఆమెకు ధైర్యమియ్యవలెను; రెండవ నిజమునకు తరగతి గదిలో చోటియ్యవలెను. ఈ రెండు పనులును బడివే.