సైతఫర్నిస్ కిరీటం

పిల్లలూ! మీ అమ్మగారి గాజు నొకదాన్ని కంసాలి దగ్గరికి తీసుకుపోతే అతను ఏం చేస్తాడో ఎప్పుడైనా చూశారా? నల్లని గీటురాయి మీద దాన్ని గీస్తాడు. ఆ గీత రంగు చూసి, బంగారం మేలిమిదో, కల్తీదో చెప్పేస్తాడు. కాని, "ఈ గాజును ఎప్పుడు చేశారు?" అని అడిగి చూడండి. ఆ సంగతి గీటురాయి చెప్పలేదు. ఈ చిన్న విషయాన్ని మరిచిపోయి పెద్ద పెద్ద పండితులే ఒకసారి మోసపోయారు. ఆ కథ చెబుతాం, వినండి.

నల్లసముద్రం ఒడ్డున పూర్వం ఓల్బియా అనే గ్రీకు పట్నం ఉండేది. ఆ చుట్టుపక్కల ఏలే సైతఫర్నిస్ అనే రాజు తమ మీదికి దండెత్తి రాకుండా ఆ పట్నంవారు కానుకలు ఇచ్చుకునేవారు. ఈ సంగతి అక్కడ దొరికిన ఒక శిలాశాసనంలో ఉన్నది. ఇది రెండువేల సంవత్సరాలకు పైబడిన మాట.

1896 లో ఆ ప్రాంతపు వర్తకులు కొందరు ఒక బంగారు కిరీటాన్ని ఐరోపా నగరాలకు తీసుకువచ్చారు. అది టోపీలాగా, జానెడు లోపు ఎత్తున్నది. దాని పైవరసలో హోమరు రాసిన ఇలియడ్ కథలోని ఘట్టాలు, కిందివరసలో ఆ దేశపువారి వేట, గుర్రాలు చెక్కి ఉన్నాయి. నడుమ గ్రీకు అక్షరాలలో, "అజేయుడైన సైతఫర్నిస్ మహారాజుకు ఓల్బియా పౌరులు సమర్పించినది" అనే అర్థం వచ్చేటట్టు రాసి ఉన్నది. శాసనంలో ఉన్న రాజే! ఇంకేం కావాలి?

వర్తకులు దాన్ని ముందు వియన్నా మ్యూజియంవారికి చూపారు. వారు కొనలేదు. తరవాత పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంవారు రెండు లక్షల బంగారు ఫ్రాంకులు పోసి కొన్నారు. కిరీటాన్ని చూడటానికి జనం విరగబడ్డారు.

అయితే జర్మనీలో ఫుర్ట్‌వెంగ్లర్ అనే పురావస్తు పండితుడు, "ఇది పాతది కాదు!" అన్నాడు. ఆ బొమ్మల తీరు ఆ కాలానిది కాదని ఆయన వాదం. మరొక వింత చూడండి: కిరీటం మీద అక్కడక్కడ సొట్టలు ఉన్నాయి. కాని అవన్నీ వట్టి చోట్లనే పడ్డాయి; అందమైన బొమ్మలకు ఏమీ కాలేదు. మట్టిలో రెండువేల ఏళ్లు పడి ఉన్న వస్తువుకు సొట్టలు అంత జాగ్రత్తగా పడతాయా? లూవ్ర్‌వారు మాత్రం ఒప్పుకోలేదు. వాదాలు ఏడేళ్లు సాగాయి.

1903 లో అసలు సంగతి బయటపడింది. కిరీటం చేసినవాడు రష్యా సామ్రాజ్యంలోని ఒడెస్సా నగరంలో నగలపని చేసుకునే ఇజ్రాయెల్ రూఖమోవ్‌స్కీ! అతన్ని పారిస్‌కు పిలిపించారు. మొదట అతని మాట చాలామంది నమ్మలేదు. అప్పుడు విచారణాధికారి అయిన క్లెర్మాన్ గనో అనే పండితుడు ఒక పరీక్ష పెట్టాడు: అసలు కిరీటాన్ని చూడకుండా అందులో ఒక భాగాన్ని మళ్లీ చేయాలి. రూఖమోవ్‌స్కీ చేసి చూపించాడు. ఇక ఎవరూ నోరెత్తలేదు.

"ఒక పండితుడికి కానుక ఇవ్వాలి, పాతకాలపు పద్ధతిలో చేసిపెట్టు," అని వర్తకులు అతనికి చెప్పారట. చూసి చేయటానికి బొమ్మల పుస్తకాలు కూడా ఇచ్చారట. పనికి కూలిగా అతనికి ముట్టింది 1800 రూబుళ్లు. వర్తకులకు వచ్చిన సొమ్ముతో పోలిస్తే అది ఏ మూలకు?

ఇంతమంది కళ్లు ఎలా మూతపడ్డాయి? బంగారమే అందుకు కారణం. ఇనుము తుప్పు పడుతుంది, రాగి చిలుము పడుతుంది, వెండి నల్లబడుతుంది. మేలిమి బంగారం గాలితోను, నీటితోను కలవదు. అందుచేత రెండువేల ఏళ్ల నగ కూడా కడగగానే నిన్న చేసినట్టు మెరుస్తుంది. నిన్న చేసిన నగ రెండువేల ఏళ్లదని నమ్మించవచ్చు.

మరి ఈనాటి శాస్త్రజ్ఞులు వయసు ఎలా పసికడతారు? వారు భూతద్దాలకింద పనిముట్ల గుర్తులు వెతుకుతారు. మన కంసాలి కమ్మచ్చు చిల్లుల గుండా లాగిన తీగమీద నిలువునా సన్నని గీతలు పడతాయి. ప్రాచీనులు ఎక్కువగా రేకును సన్నగా కత్తిరించి, మెలిపెట్టి తీగ చేసేవారు; దానిమీద మెలికల గీత కనిపిస్తుంది. ఏటి ఇసుకలో ఏరిన పాత బంగారంలో కరగని వేరే లోహపు నలుసులు కూడా ఒక్కొక్కసారి ఉంటాయి. శుద్ధిచేసిన ఈనాటి బంగారంలో అవి కనపడవు.

కాని అన్నిటికన్న పెద్ద ప్రశ్న ఒకటి ఉన్నది. "ఇది ఎక్కడ దొరికింది? తవ్వుతుండగా చూసినవారు ఎవరు? పక్కన ఇంకేం ఉన్నాయి?" లూవ్ర్‌వారు ఈ ప్రశ్నకు గట్టి జవాబు రాబట్టి ఉంటే మోసపోయేవారు కారు. దొంగచాటుగా తవ్వి అమ్మిన నిజమైన పాతనగకు కూడా ఇదే గతి పడుతుంది. అది నిజమైనదే అయినా, తన కథ పోగొట్టుకుని వట్టి బంగారంగా మిగులుతుంది.

చివరకు ఒక తమాషా. లూవ్ర్‌వారు కిరీటాన్ని దాచేశారు గాని, రూఖమోవ్‌స్కీ పనితనానికి అదే 1903 లో పారిస్ కళాప్రదర్శనలో బంగారు పతకం వచ్చింది. ఆ తరవాత అతను పారిస్‌లోనే స్థిరపడి, 1934 లో చనిపోయాడు. 1997 లో ఆ కిరీటాన్ని జెరూసలేములోని మ్యూజియంలో ప్రదర్శించారు. ఈసారి అది సైతఫర్నిస్ పేరున కాదు, చేసినవాడి పేరున.

చూశారా! పని మంచిదే, బంగారమూ మంచిదే. అబద్ధమల్లా దాని గురించి చెప్పిన మాట ఒక్కటే.