ఫుట్‌బాలు ఆటయు, తల్లుల సందేహమును

బంతియాటపై మోజుపడిన కుమారుని మాన్పింపవలెనా, పోనిమ్మని విడువవలెనా యని మా తాడేపల్లిలో తల్లులు మమ్మడుగుచుందురు. బదులుగా నొకరి జీవితమును జెప్పెదము.

తులసీదాసు బలరాంగారు సికింద్రాబాదు చెంతనున్న అమ్ముగూడలో 1936లో నొక పేద తమిళ కుటుంబమున జన్మించిరి. తల్లి ముత్తమ్మగారు కుమారునికి ఆటకన్న సర్కారు కొలువే కోరిరి. ఏ తల్లి కోరదు? మేమైనను అదియే కోరుదుము. కాని సయ్యదు అబ్దుల్ రహీముగారి కన్ను ఆ బాలునిపై బడెను. వారు వృత్తిచే బడిపంతులు. హైదరాబాదు పోలీసు జట్టునకు శిక్షకులు. రాకపోకలకు కాసులు లేవని బాలుడనగా, బాడుగ సైకిలునకై దినమునకొక రూపాయి తామే యిచ్చిరి. ఆ కాలపు పంతులుగారికి రోజుకొక రూపాయి యనిన నెంతటి త్యాగమో, పంతులుగారి యింటనే కాపురము చేయుచున్న మాకు వేరొకరు చెప్పనక్కరలేదు.

చెడుగుడులో కూతకు వెళ్లినవాడు పట్టునకు చిక్కక మెలికలు తిరుగుట మీరెల్లరు చూచియే యుందురు. బలరాంగారును బంతిని కాలికంటించుకొని యెదిరివారి నడుమ నట్లే దూరిపోయెడివారు. 1956లో మెల్బోర్ను ఒలింపిక్సునందు మన జట్టు నాలుగవ స్థానము పొందినప్పుడు వారందుండిరి. 1960లో రోమునందు హంగేరీపై నొకటి, పెరూపై నొకటి గోలు చేసిరి. 1961లో కలకత్తా ఈస్టుబెంగాలు జట్టునకు నాయకులు. 1962లో జకార్తాలో, రహీముగారి శిక్షణలోనే, దక్షిణ కొరియాను 2-1తో గెలిచి ఆసియా క్రీడల స్వర్ణము దెచ్చిన జట్టులోనివారు. ఆ యేడే అర్జున పురస్కారము.

మరుసటి యేడు రహీముగారు క్యాన్సరుచే గతించిరి. ఆ 1963లోనే బలరాంగారికి ఊపిరితిత్తుల పొర వాచెను. పరుగే వృత్తియైనవానికి ఊపిరియే యెదురు తిరిగిన నేమి చేయును? ఇరువదియేడేండ్ల ప్రాయమున ఆట ముగిసెను. అమెరికాలో బంతిని చంకనిడుకొని యెదిరిపంక్తిని చీల్చుకొనిపోవు ఆట వేరొకటి గలదు. అందు మేటియైన జిమ్ బ్రౌను 1966లో ముప్పదియేండ్లకే చాలించి సినిమాలకు బోయెను. అతడు తలచి మానెను. వీరిని వ్యాధి మాన్పించెను.

బలరాంగారు 2023 ఫిబ్రవరి 16న దివంగతులైరి. లెక్క జూడుడు: దేశముకొరకాడినది ఏడెనిమిదేండ్లు, ఆపై బ్రదికినది అరువదేండ్లు! కాబట్టి ముత్తమ్మగారి కోరికను మేము తప్పుపట్టము. రహీముగారి రూపాయిని అసలే తప్పుపట్టము.

మీ బిడ్డను ఆడనిండు. రైల్వేలలో క్రీడాకారులకు ప్రత్యేకముగ కొలువులు గలవు. అయితే పదవ తరగతియైన గట్టెక్కనిదే ఎంతటి ఆటగానికైనను అచ్చట దరఖాస్తు కుదరదు. సాయంకాలము బంతి చేతికిచ్చుటకు ముందు ఆనాటి లెక్కలు పూర్తియైనవా యని యడుగుడు.