పురిటి సంచి

నెలలు నిండగానే ఇంట్లో ఆస్పత్రి సంచి సర్దుతారు. పాత నూలు చీరలు, బిడ్డకు మెత్తటి గుడ్డలు, ఫ్లాస్కు, పరీక్షల కాగితాలు. వీటితోపాటు కొన్ని నోట్లు కూడా. మగపిల్లవాడైతే ఇంత, ఆడపిల్లయితే ఇంత అని చెయ్యి చాచేవాళ్ల కోసం.

కానీ 2011లో వచ్చిన జననీ శిశు సురక్షా కార్యక్రమం ప్రకారం ప్రభుత్వాసుపత్రిలో కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు, రక్తం, రానూపోనూ వాహనం అన్నీ ఉచితం. మామూలు కాన్పుకు 3 రోజులు, ఆపరేషన్‌కు 7 రోజులు భోజనం పెట్టాలి. కాన్పు గదిలో తోడుగా ఒక స్త్రీ ఉండవచ్చని 2016లో కేంద్రం చెప్పింది.

ఇవి ఎవరి దయా కాదు, మన హక్కులు. ఈ జాబితా కూడా సంచిలో పెట్టుకుందాం. నొప్పులు పడుతున్న మనిషి లంచం ఇవ్వనని వాదించలేదు. ఆ మాట అనవలసింది ఆమె వెంట వెళ్లిన మనమే.