అంకె చెప్పిందల్లా నిజమేనా?

ఫ్యాను రొద చేస్తే చాలు, తెరపై ఉష్ణోగ్రత చూపి "కొత్తది కొనండి" అనే వైద్యం వికారాబాదులోనూ తాండూరులోనూ ప్రబలింది. అంకె వేదవాక్కా? రైజెన్ 1700ఎక్స్, 1800ఎక్స్ ప్రాసెసర్లు అసలు వేడికి 20 డిగ్రీలు కలిపి చూపుతాయని 2017లో ఎ.ఎం.డి. సంస్థే ప్రకటించింది. ఏ తీగా తగలని సెన్సరు 127 డిగ్రీలు చూపడమూ కద్దు. నిజంగా అంత కాగితే యంత్రం తనంత తానే ఆగిపోదా?

నాపరాళ్ళు కోసి నునుపుచేసే తాండూరులో రాతిధూళి గాలితోబాటే లోపల చేరుతుంది. లోహపు పలకల సందులు పూడితే వేడి బయటపడదు. ఫ్యాను వేగమూ, రొదా పెరుగుతాయి. విద్యుత్తు ఆపి, మెత్తని కుంచెతో దులిపించండి; ఎండిన థర్మల్ పేస్టు మార్పించండి. అప్పటికీ గరగరలాడితే బేరింగు అరిగినట్లే. ఫ్యాను మారిస్తే చాలు.

మూతైనా తీయకుండా పింఛనుదారుచేత వేలు ఖర్చుపెట్టించడం మరమ్మతు కాదు, వర్తకం. మిత్రులారా, ముందు మూత తీయమనండి!