పిల్లాణ్ని అడిగే తీరు

ఫ్రెంచి దర్శకుడు ఫ్రాన్సువా త్రూఫో 1959లో తీసిన 'ది ఫోర్ హండ్రెడ్ బ్లోస్'లో ఒక సన్నివేశాన్ని సిద్దిపేటలో పిల్లలతో పనిచేసే ప్రతి ఒక్కరూ చూడాలి. ఆంత్వాన్ అనే పారిస్ కుర్రాడు టైప్‌రైటర్ దొంగిలించి, తిరిగి పెట్టేయబోతూ పట్టుబడతాడు. బాలల పరిశీలన కేంద్రంలో మనస్తత్వ నిపుణురాలు అతణ్ని ప్రశ్నలడుగుతుంది. ఆమె తెరమీద కనిపించదు, గొంతు మాత్రం వినిపిస్తుంది. అబద్ధాలెందుకు ఆడతావంటే, నిజం చెప్పినా నమ్మరు కదా అంటాడు. ఆమె మందలించదు, ఇంకో ప్రశ్న వేస్తుంది. ఆ జవాబులు చాలావరకు బాలనటుడు లెయో అప్పటికప్పుడు సొంతంగా చెప్పినవే.

అక్కడా అంతా బాగుందని కాదు. శిక్ష కంటే తీర్చిదిద్దడం ముఖ్యమని ఫ్రాన్స్ 1945లోనే శాసనం చేసి, పిల్లల కోసం ప్రత్యేక న్యాయమూర్తులను పెట్టింది. 14 ఏళ్ల తర్వాత వచ్చిన ఈ సినిమాలో ఆంత్వాన్ పోలీస్ స్టేషన్ బోనులోనే రాత్రి గడుపుతాడు. త్రూఫో స్వయంగా కుర్రతనంలో అలాంటి పరిశీలన కేంద్రంలో ఉన్నవాడు.

మన 2015 జువెనైల్ జస్టిస్ చట్టం తక్కువదేమీ కాదు. జువెనైల్ జస్టిస్ బోర్డులో మేజిస్ట్రేట్‌తో పాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలుండాలి, వారిలో ఒకరైనా మహిళ కావాలి. ప్రొబేషన్ అధికారి ఇల్లు, బడి సంగతులు కనుక్కుని రెండు వారాల్లో నివేదిక ఇవ్వాలి. అయితే ఎన్నో తరగతి, నాన్న ఏం చేస్తాడని ఖాళీలు నింపడం వేరు, ఇంట్లో నీ మాట ఎవరు వింటారని అడిగి జవాబు కోసం ఆగడం వేరు.

మన సినిమాల్లో తప్పుచేసిన పిల్లాడు పరుగెత్తుతూనే పెద్ద హీరో అయిపోతాడు. ఆ మధ్య ఏళ్లు ఎలా గడిచాయో మనం చూడనే చూడం. లెక్కలు రాని పిల్లాడి పక్కన ఓపిగ్గా కూర్చున్న '35 చిన్న కథ కాదు' (2024) లాంటివి అరుదు.

ఫ్రాన్స్‌లో 1989లో మొదలైన పథకం కింద 11 నుంచి 15 ఏళ్ల విద్యార్థులు ఏటా కొన్ని మంచి సినిమాలను టీచర్లతో కలిసి థియేటర్లోనే చూస్తారు, తర్వాత తరగతిలో చర్చిస్తారు. హైదరాబాద్ కూడా అంతర్జాతీయ బాలల చిత్రోత్సవాలకు వేదికైంది, కానీ ఉత్సవం వచ్చిపోయేది, బడి ఏడాదంతా నడిచేది. 2016లో జిల్లా అయిన సిద్దిపేటలో తొమ్మిదో తరగతి వాళ్ల కోసం ఏడాదికి రెండు ఉదయం ఆటలు వేయించడం పెద్ద ఖర్చేం కాదు. హాస్టల్ వార్డెన్లనూ ప్రొబేషన్ అధికారులనూ అదే హాల్లో కూర్చోబెట్టాలి. ఆట అయ్యాక నీతి ఏమిటని కాకుండా, ఆ పిల్లాడి చోట నువ్వుంటే ఏం చెప్పేవాడివని అడగాలి.