కత్తికేనా పేరు? బల్లేనికి లేదా?

వీరుడి బొమ్మ గీయమంటే మనలో ఎవరైనా ముందు కత్తే గీస్తారు. మాకిది నచ్చదు. కత్తికి బోలెడు ఇనుము, కమ్మరి పనితనం, డబ్బు కావాలి. బల్లేనికి పొడవాటి కర్ర, కొసన కాస్త ఇనుము చాలు. అందుకే దేశదేశాల్లో మామూలు కాల్బలం చేతిలో ఉన్నది అదే. పైగా కత్తివాడు దగ్గరికి వచ్చేలోపే బల్లెం మొన అతన్ని తాకుతుంది.

మన పల్నాట మాత్రం లెక్క తిరగబడింది. ఏటా కార్తీక అమావాస్యకు మొదలయ్యే కారెంపూడి వీరుల ఉత్సవాల్లో ఆయుధాలకే పూజలు. బ్రహ్మనాయుడిది నృసింహకుంతం, అంటే బల్లెం. మాల కన్నమదాసుది భైరవఖడ్గం. దొర చేతిలో బల్లెం, మాల వీరుడి చేతిలో కత్తి! చాపకూడు మీద ఉపన్యాసాలిచ్చే పెద్దలు ఈ సంగతి ఎత్తరెందుకో. ఒకే చాప మీద కూడు పెట్టడం కన్నా, కత్తి ఇచ్చి సేనను నడపమనడం పెద్ద మాట కాదా?

కర్రసాము వచ్చినవాడికి బల్లెం సగం వచ్చినట్టేనని మా అభిప్రాయం. పీర్ల పండక్కి కర్ర తిప్పే పెద్దలు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. వచ్చే వార్షికోత్సవానికి సినిమా డాన్సులు రెండు తగ్గించి, అలాంటి ఒక పెద్దాయన్ని నెల్లాళ్లు హాస్టల్‌కు పిలిపించమని వార్డెన్ గారిని కోరుతున్నాం. కర్రలు మేమే తెస్తాం.